ఇన్‌ఫ్రారెడ్ గ్రిల్: మంట తగలకుండా ముక్క ఎలా కాలుతుంది?

సంక్షిప్తంగా: ఇన్‌ఫ్రారెడ్ గ్రిల్‌లో కొత్త రకం వేడి ఏదీ లేదు. కుంపట్లో నిప్పులు చేసే పనినే ఇక్కడ ఎర్రగా కాలిన పలకో, లోహపు రేకో, క్వార్ట్జ్ గొట్టమో చేస్తుంది. వేడి గాలి వాటా తగ్గి, కిరణాల వాటా పెరుగుతుంది. పలుచని చేప ముక్కలకు, రొయ్యలకు, పనీర్‌కు, మొక్కజొన్న పొత్తులకు ఇది బాగా నప్పుతుంది. ఎముక ఉన్న మందపాటి కోడి ముక్కలకు దీనితో పాటు నిదానపు వేడి కూడా కావాలి. విశాఖ వంటి తీర నగరంలో సముద్రపు గాలిని, ఉప్పును లెక్కలోకి తీసుకోకుండా కొంటే పలకా, రేకూ రెండూ త్వరగా పాడవుతాయి.

డాబా మీదో పెరట్లోనో గ్రిల్ పెట్టుకోవాలనుకునే వారికి దుకాణంలో మొదటి గందరగోళం ఒక్క మాట దగ్గరే వస్తుంది. గ్యాస్‌తో నడిచే గ్రిల్ పెట్టె మీద ‘ఇన్‌ఫ్రారెడ్’ అని ఉంటుంది. కరెంటు తందూర్ మీదా అదే ఉంటుంది. ఇండక్షన్ స్టవ్ పక్కనే పెట్టి అమ్మే గాజు పలక స్టవ్ మీదా అదే మాట. ధరల్లో పొంతన ఉండదు, పనిచేసే తీరూ ఒకటి కాదు. దానికి తోడు ‘కిరణాలు’ అనగానే ఆరోగ్యం గురించి భయం. అసలు ఈ గ్రిల్‌లో ఏం జరుగుతుందో తెలిస్తే ఏది కొనాలో, ఏది అక్కర్లేదో తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు.

షవర్మా బండి దగ్గర రోజూ కనిపించేదే

ఈ యంత్రం విశాఖవాసులకు కొత్తదేమీ కాదు. షవర్మా అమ్మే బండి దగ్గర నిలువుగా తిరిగే మాంసపు దిమ్మె వెనక ఎర్రగా వెలిగే పలకలు ఉంటాయి. అవే ఇన్‌ఫ్రారెడ్ బర్నర్లు. దగ్గరగా చూస్తే పలక నిండా జల్లెడ లాంటి సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. స్టవ్ మీద ఉన్నట్టు నీలిమంట పైకి లేవదు. పలకే కణకణలాడుతుంటుంది. మాంసానికీ పలకకూ మధ్య నాలుగైదు అంగుళాల ఖాళీ ఉన్నా మాంసం కాలుతూనే ఉంటుంది. వేడి గాలి పైకి పోతుంది, మాంసం పక్కన ఉంది. అయినా కాలుతోందంటే ఆ పని చేసేది గాలి కాదని అక్కడే తేలిపోతుంది.

వేడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మూడు దారుల్లో వెళ్తుంది. పెనం మీద దోసెకు తాకిడితో చేరుతుంది, దాన్ని ఉష్ణ వహనం అంటారు. కుక్కర్‌లోని ఆవిరి, గ్యాస్ మంట నుంచి లేచే వేడి గాలి సంవహనంతో చేరవేస్తాయి. ఎండ మాదిరిగా మధ్యలో ఏ పదార్థం అవసరం లేకుండా సూటిగా వచ్చేది వికిరణం. వికిరణంలో కంటికి కనబడని, ఎరుపు రంగుకు అవతల ఉన్న భాగమే ఇన్‌ఫ్రారెడ్, తెలుగు పాఠ్యపుస్తకాల్లో పరారుణ కిరణాలు. 1800లో విలియం హెర్షెల్ పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఎరుపు దాటిన చీకటి చోట థర్మామీటర్ పెట్టి చూస్తే పాదరసం పైకి ఎక్కింది. అలా వీటి ఉనికి బయటపడింది.

నివురు ఊడిన నిప్పు

ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు కాల్చేవారు విసనకర్ర ఎందుకు ఆపరో గమనిస్తే ఈ గ్రిల్ వెనకున్న సూత్రం సగం అర్థమైనట్టే. విసరడం ఆపిన అరనిమిషానికి బొగ్గు మీద తెల్లని నివురు పొర కడుతుంది. నిప్పు మసకబారుతుంది, పొత్తు కాలడం మందగిస్తుంది. మళ్లీ విసిరితే నివురు లేచిపోయి, ఆక్సిజన్ అంది, మసక ఎరుపు కాస్తా నారింజ రంగులోకి తిరుగుతుంది. రంగులో తేడా కొంచెమే అనిపిస్తుంది కానీ వేడిలో తేడా చాలా ఎక్కువ.

కారణం ఒక భౌతిక నియమం. వస్తువు వెదజల్లే వికిరణం దాని ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఉష్ణోగ్రతను ఇక్కడ కెల్విన్‌లలో, అంటే సెల్సియస్‌కు 273 కలిపి లెక్కించాలి. 1879లో జోసెఫ్ స్టెఫాన్ ప్రయోగ ఫలితాల నుంచి దీన్ని రాబట్టగా, 1884లో బోల్ట్‌జ్‌మన్ సిద్ధాంతపరంగా నిరూపించారు. ఈ లెక్కన 600 డిగ్రీల (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే) మసక ఎరుపు నిప్పు 900 డిగ్రీల నారింజ నిప్పుగా మారితే వికిరణం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. విసనకర్ర చేసే పని అదే.

వంటకు సంబంధించిన అంకెలు చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 300 డిగ్రీల దగ్గరున్న ఉపరితలం చదరపు సెంటీమీటరుకు గరిష్ఠంగా 0.6 వాట్లు వెదజల్లగలదు. 900 డిగ్రీల దగ్గర అదే వైశాల్యం నుంచి దాదాపు 10.7 వాట్లు వస్తాయి, అంటే 17 రెట్లు. అసలు పలకలు ఈ సిద్ధాంతపు గరిష్ఠానికి కొంత తక్కువే ఇస్తాయి, అయినా తేడా తేడానే. అరచేతి వెడల్పున్న, సుమారు 100 చదరపు సెంటీమీటర్ల చేప ముక్కకు ఈ వికిరణంలో సగం చేరిందనుకుందాం. ముక్క పైనున్న ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 900 డిగ్రీల దగ్గర నాలుగైదు సెకన్లు పడితే, 300 డిగ్రీల దగ్గర వికిరణం ఒక్కదానితో నిమిషం దాటుతుంది. తడి ఉన్నంత సేపూ ముక్క పైభాగం 100 డిగ్రీలు దాటదు. ఎర్రని రంగు, కాల్చిన వాసన 140 డిగ్రీలు దాటాకే వేగంగా వస్తాయి. ఇన్‌ఫ్రారెడ్ గ్రిల్ పేరు తెచ్చుకున్నది ఈ తడిని చిటికెలో పోగొట్టడం వల్లే.

పలక లోపల జరిగేది

మామూలు గ్యాస్ గ్రిల్‌లో గొట్టం రంధ్రాల నుంచి నీలిమంట లేస్తుంది. నీలిమంట చాలా వేడిది, కానీ వికిరణం వెదజల్లడంలో మాత్రం బలహీనం. దాని వేడిలో ఎక్కువ భాగం గాలితో పాటు పైకి లేచి, ముక్కల పక్క నుంచి బయటికి పోతుంది. పోతూ పోతూ ముక్క పైనున్న తేమను కూడా ఎగరేసుకుపోతుంది.

సెరామిక్ బర్నర్‌లో గ్యాస్, దానికి కావాల్సిన గాలి మొత్తం ముందే కలుస్తాయి. ఆ మిశ్రమం పలక వెనకనున్న గది నిండి, మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉండే సన్నని రంధ్రాల గుండా బయటికి వస్తుంది. మంట రంధ్రం మూతి దగ్గరే, పలకకు అంటుకుని మండుతుంది. పలక ముఖం 800 నుంచి 950 డిగ్రీల దాకా వేడెక్కి, గ్యాస్ ఇచ్చిన వేడిలో మూడో వంతు నుంచి సగం దాకా కిరణాలుగా మార్చి పంపుతుంది. రంధ్రం మరీ సన్నగా ఉండటం వల్ల గోడలు మంట వేడిని లాగేస్తాయి. అందుకే మంట వెనక్కి, గది లోపలికి పాకలేదు. పలకలో చీలిక వస్తే ఈ రక్షణ పోతుంది. ఆ ప్రమాదం సంగతి చివర్లో చూద్దాం.

పెరటి గ్రిల్‌కు ఈ బర్నర్‌ను తెచ్చింది అమెరికాలోని సౌత్ కెరొలినా రాష్ట్రానికి చెందిన ఒక కంపెనీ. ఆ కంపెనీ, థర్మల్ ఇంజినీరింగ్ కార్పొరేషన్ స్థాపకుడు బిల్ బెస్ట్ 1960ల్లో గ్యాస్ ఇన్‌ఫ్రారెడ్ బర్నర్‌ను రూపొందించి, 1980ల్లో దాన్ని గ్రిల్‌లో అమర్చారు. 2000లో కీలకమైన పేటెంట్ గడువు ముగిశాక మిగతా కంపెనీలూ తయారీలోకి దిగాయి, ధరలు దిగొచ్చాయి.

ఒకే పేరు, మూడు పనితనాలు

మొదటిది పైన చెప్పిన తెరిచిన సెరామిక్ పలక. మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఎర్రబడుతుంది. దీని వేడిని తగ్గించడం కష్టం. గ్యాస్ బాగా తగ్గిస్తే పలక చల్లబడి మంట ఆగిపోతుంది, లేదా వెనక్కి అంటుకుంటుంది. కాబట్టి ఇది ముక్క పైభాగాన్ని కాల్చే పనిముట్టు. నిదానంగా ఉడికించే పని దీనికి అప్పగించకూడదు.

రెండోదాంట్లో మామూలు గ్యాస్ బర్నర్ మీద ఒక లోహపు రేకునో, వేడిని తట్టుకునే గాజు పలకనో కప్పుతారు. మంట ఆ రేకును కాలుస్తుంది, రేకు ముక్కను కాలుస్తుంది. రేకు ఉష్ణోగ్రత 300 నుంచి 450 డిగ్రీల మధ్య ఉంటుంది కాబట్టి కిరణాల తీవ్రత సెరామిక్ పలకతో పోలిస్తే చాలా తక్కువ. అదుపు మాత్రం బాగుంటుంది. వేడి గాలి ముక్కల మధ్య నుంచి దూసుకుపోదు, కారిన కొవ్వు మంట మీద పడి భగ్గుమనదు. వేడెక్కడానికి పది నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. ఇంటిల్లిపాదికీ అన్ని రకాలూ వండాలనుకుంటే మూడింటిలో ఇదే అక్కరకొస్తుంది.

మూడోది కరెంటుది. క్వార్ట్జ్ గొట్టంలో తీగ చుట్ట నిమిషం లోపే ఎర్రబడుతుంది. రెండు వేల వాట్ల పరికరం 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. గదిలో ఫ్యాన్‌కీ ఫోన్ చార్జర్‌కీ వాడే 6 ఆంపియర్ల చిన్న సాకెట్ దీనికి చాలదు, 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టే కావాలి. డాబా మీదికి సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు లాగి వాడితే గ్రిల్ కన్నా ముందు వైరు వేడెక్కుతుంది. గాజు పలక ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ కూడా ఈ కుటుంబానికే చెందుతుంది. పలక కింద తీగ ఎర్రబడి, గాజు గుండా వేడి పైకి వస్తుంది. ఇండక్షన్‌కు ఇనుము ఉన్న గిన్నె కావాలి, ఎందుకంటే అక్కడ అయస్కాంత క్షేత్రం గిన్నెనే వేడెక్కిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ స్టవ్‌కు అల్యూమినియం, రాగి, మట్టి, ఏ గిన్నె అయినా ఒకటే. స్టవ్ మీద జాలీ పెట్టి కాల్చుకోవచ్చని చెప్పి అమ్ముతున్నారు కానీ, కొవ్వు కారే ముక్కలకు అది మంచి పద్ధతి కాదు. కాలుతున్న గాజు మీద పడిన కొవ్వు పొగలు కక్కుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. వంకాయ, మొక్కజొన్న, అప్పడం వరకు ఫర్వాలేదు.

పైన మాడి, లోపల పచ్చి: తప్పు ఎక్కడుంది?

‘కిరణాలు ముక్క లోపలి దాకా దూసుకుపోయి ఉడికిస్తాయి’ అన్న ప్రచారం నమ్మదగ్గది కాదు. 900 డిగ్రీల పలక నుంచి వచ్చే కిరణాల్లో ఎక్కువ భాగం రెండున్నర మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం చుట్టూ, 400 డిగ్రీల రేకు నుంచి వచ్చేవి నాలుగు మైక్రాన్లు దాటి ఉంటాయి. మూడు మైక్రాన్ల దగ్గర నీరు ఈ కిరణాలను అన్నింటికన్నా గట్టిగా పీల్చుకుంటుంది. మాంసంలో ముప్పాతిక వంతు నీరే. కాబట్టి కిరణాలు పైపొరలోనే, ఎంత లోతుకు వెళ్లినా కొద్ది మిల్లీమీటర్లలోనే, వేడిగా మారిపోతాయి. అక్కడి నుంచి లోపలికి వేడి నడవాల్సింది వహనంతోనే, అంటే మాంసం ఎంత నెమ్మదిగా వేడిని దాటిస్తే అంత నెమ్మదిగా. మందం రెండింతలైతే నడిమధ్యకు వేడి చేరే సమయం సుమారు నాలుగింతలవుతుంది. బయట కాలే వేగం పెరిగింది, లోపల ఉడికే వేగం పెరగలేదు. కోడి కాలు పైన నల్లబడి, కొరికితే ఎముక దగ్గర ఎర్రగా ఉండటానికి కారణం ఈ పొంతన లేకపోవడమే.

షవర్మా యంత్రం ఈ ఇబ్బందిని దాటే తీరు గమనించదగ్గది. దిమ్మె తిరుగుతుంది కాబట్టి ఏ భాగమూ పలక ముందు ఎక్కువసేపు నిలవదు. కాలిన పొర పక్కకు వెళ్లి కాసేపు తేరుకుంటుంది, ఆ లోగా వేడి కొంత లోపలికి దిగుతుంది. పైగా కాలిన పొరను కత్తితో చెక్కేస్తారు, లోపలి పచ్చి పొర పలక ముందుకు వస్తుంది. అంటే మందాన్ని పలుచని పొరలుగా మార్చుకుంటున్నారు. చెక్కిన ముక్క పూర్తిగా ఉడకకముందే చెక్కితే మాత్రం ప్రమాదమే.

అరకు వైపు చేసే బొంగు చికెన్ దీనికి పూర్తిగా ఎదురు చివర ఉంటుంది. అక్కడా నిప్పుల కిరణాలే, కానీ వాటిని వెదురు బొంగు అడ్డుకుంటుంది. బొంగు పైన నల్లగా కాలినా, లోపల ముక్కలు తమ తేమలోనే 100 డిగ్రీల చుట్టూ ఉడుకుతాయి. మెత్తదనం వస్తుంది, కాల్చిన ఎర్రదనం రాదు. ఒకే నిప్పు, మధ్యలో ఉన్న అడ్డును బట్టి రెండు వేర్వేరు వంటలు.

ముక్కను మొదట బాగా కాలిస్తే రసం లోపలే ఉండిపోతుందన్న మాట కూడా సరైనది కాదు. 1847లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ అభిప్రాయం తర్వాతి పరీక్షల్లో నిలబడలేదు. ఎర్రగా కాలిన పొర నీటిని ఆపదు. రసం ఎంత పోతుందన్నది ముక్క మధ్యభాగం చివరికి ఎంత వేడెక్కిందన్న దాని మీదే ప్రధానంగా ఆధారపడి ఉంటుంది. కాల్చడం రుచి కోసమే. ఇన్‌ఫ్రారెడ్ గ్రిల్ వల్ల ముక్క రసంగా ఉంటే దానికి కారణం తక్కువ సేపు వేడి మీద ఉండటం, చుట్టూ ఎండగట్టే గాలి తక్కువ కావడం.

కిరణం సూటిగానే పోతుంది

వేడి గాలి మలుపులు తిరుగుతుంది, మూలల్లోకి దూరుతుంది. కిరణం అలా కాదు. పలకకు కనబడని చోటు కాలదు. కోడి కాలు మడత, చందువా పొట్ట కింది భాగం, ఒకదానిపై ఒకటి ఒరిగిన రొయ్యలు అలాగే తెల్లగా మిగిలిపోతాయి. ముక్కల మధ్య వేలెడు ఎడం ఉంచాలి, మడతలను విప్పి పరవాలి, మందమైన చోట గాట్లు పెట్టాలి.

ఎత్తు విషయంలోనూ లెక్క ఉంది. 20 సెంటీమీటర్ల చదరపు పలక నడిమధ్యన 5 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న చోటుకు పలక ఇచ్చే తీవ్రతలో 80 శాతం దాకా చేరుతుంది. 10 సెంటీమీటర్ల ఎత్తులో అది 55 శాతం, 20 సెంటీమీటర్ల దగ్గర పావు వంతుకు పడిపోతుంది. 5 సెంటీమీటర్ల ఎత్తులోనే మధ్య నుంచి పలక అంచు మీదికి జరిపినా తీవ్రత దాదాపు సగమవుతుంది. కాబట్టి మంట తగ్గించలేని పలక మీద ఎత్తు మార్చడం, అంచుకు జరపడమే అదుపు సాధనాలు. జాలీకి రెండు మూడు ఎత్తులు లేని గ్రిల్ ఎంత చవకైనా పక్కన పెట్టడం మేలు.

మెరిసే అల్యూమినియం రేకు కిరణాలను దాదాపుగా తిప్పికొడుతుంది. రేకులో చుట్టిన ముక్క ఈ గ్రిల్ మీద చాలా ఆలస్యంగా ఉడకడానికి కారణం అదే. అరిటాకులో చుడితే ఆకు కిరణాలను పీల్చుకుని వేడెక్కుతుంది. రేకును ముక్క కొస మాడకుండా, రొయ్య తోక నల్లబడకుండా కప్పడానికి వాడుకుంటే ఉపయోగం.

కారం ముందు మాడుతుంది

విదేశీ వంట సూచనలు ఉప్పు, మిరియాలు మాత్రమే రాసిన మాంసాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన ముక్కకు కారం, పసుపు, ధనియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు మందంగా పట్టించి ఉంటాయి. ఎర్రని పలక ముందు ఆ పొర ప్రవర్తన వేరు. పెరుగులోని నీరు పోయేదాకా రంగు రాదు. నీరు పోయిన మరుక్షణం పొడి కారం, వెల్లుల్లి తునకలు మాంసం కన్నా ముందు నల్లబడి చేదెక్కుతాయి. ఎర్రదనానికీ మాడుకూ మధ్య దొరికే సమయం పది పదిహేను సెకన్లకు మించదు.

దీనికి చేయగలిగినవి ఉన్నాయి. పెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి రెండు గంటలు వేలాడదీసి నీరు వార్చాలి. కిలో ముక్కలకు ఆ గట్టి పెరుగు 150 గ్రాములు సరిపోతుంది. కారాన్ని రెండు చెంచాల వేడి నూనెలో కలిపి ముద్ద చేసి పట్టిస్తే పొడిగా నిలవదు, మాడటం ఆలస్యమవుతుంది. వెల్లుల్లిని తరగకుండా మెత్తగా నూరాలి. గ్రిల్ మీదికి పెట్టే ముందు అదనపు ముద్దను వేళ్లతో తుడిచేసి, పలుచని పూత మాత్రం ఉంచాలి. తేనె, బెల్లం, చక్కెర ఉన్న పూతలు చివరి అరనిమిషంలోనే రాయాలి. నూనె కారేంతగా పూస్తే అది పలక మీద పడి మంట లేస్తుంది.

ఏ ముక్కకు ఎలా

తెరిచిన పలక పూర్తిగా ఎర్రబడి, జాలీ 8 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నప్పటి లెక్కలివి. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన వంజరాన్ని రెండు సెంటీమీటర్ల మందంగా కోయించుకుంటే మంచిది. అంతకన్నా పలుచనైతే తిప్పేటప్పుడు విరుగుతుంది. ముక్కను పొడిగుడ్డతో అద్ది, మసాలా పట్టించి 20 నిమిషాలు ఉంచాలి. జాలీ కడ్డీలకు నూనె రాసి, రెండు నిమిషాలు వేడెక్కనిచ్చాకే ముక్క పెట్టాలి. చల్లని కడ్డీకి చేప చర్మం అతుక్కుపోతుంది. ఒక వైపు రెండు నిమిషాలు, ఇంకో వైపు నిమిషంన్నర, ఆ పైన అంచుకు జరిపి మూడు నాలుగు నిమిషాలు. మధ్యలో 63 డిగ్రీలు వస్తే ఉడికినట్టు. చందువాను ముక్కలు చేయకుండా, గాట్లు పెట్టి వండేటప్పుడు ఎత్తు 15 సెంటీమీటర్లకు పెంచి, వైపుకు ఐదారు నిమిషాలు ఇవ్వాలి.

పెద్ద రొయ్యలకు వైపుకు నిమిషం నుంచి నిమిషంన్నర చాలు. ఊచకు రెండు చోట్ల గుచ్చితే తిప్పినప్పుడు గిర్రున జారవు. కొంకి ఆకారంలో వంగితే సరిగ్గా ఉడికినట్టు, గుండ్రంగా చుట్టుకుపోతే రబ్బరులా సాగుతాయి.

ఎముక ఉన్న కోడి ముక్కలను ఈ పలక మీదే మొదలుపెట్టి ఇక్కడే ముగించాలనుకోవడం తప్పు. లోపల 74 డిగ్రీలు రావాలి, ఆ లోగా పైభాగం బొగ్గవుతుంది. మూత ఉన్న రెండు బర్నర్ల గ్రిల్ అయితే, వైపుకు నిమిషంన్నర కాల్చి, ఆర్పిన బర్నర్ వైపుకు మార్చి, మూత వేసి 170 డిగ్రీల చుట్టూ అరగంట ఉంచాలి. ఒకే పలక ఉంటే వరుస తిరగేయడం మంచిది. మూకుట్లో మూతపెట్టి సన్నని సెగ మీద లోపల 68 డిగ్రీలు వచ్చేదాకా ఉడికించి, తేమ ఆరనిచ్చి, ఆపై పలక మీద రెండు వైపులా రంగు తెప్పించాలి. ఆ చివరి కాల్పులో మిగతా డిగ్రీలు వస్తాయి. గుచ్చి చూసే థర్మామీటర్‌ను గ్రిల్‌తో పాటే కొనాలి. పై రంగు చూసి ఉడికిందని చెప్పే అలవాటు ఈ గ్రిల్ దగ్గర పనికిరాదు, ఎందుకంటే రంగు ముందే వచ్చేస్తుంది.

కిరణాల భయంలో ఎంత నిజం

ఇన్‌ఫ్రారెడ్ కిరణాలకు ఎక్స్‌రేల మాదిరిగా అణువులను చీల్చే శక్తి లేదు. ఎండలో, కట్టెల పొయ్యిలో, ఇస్త్రీపెట్టెలో ఉన్నవీ ఇవే. తిండిలో మిగిలిపోయేదంటూ ఏమీ ఉండదు. గమనించాల్సినవి వేరే ఉన్నాయి. కొవ్వు నిప్పు మీద పడి లేచే పొగలో, ముక్క నల్లగా మాడిన చోట హానికరమైన రసాయనాలు ఏర్పడతాయి. ఇది బొగ్గుల గ్రిల్‌కూ వర్తిస్తుంది. పలక పైనో పక్కనో ఉండే గ్రిల్‌లో కొవ్వు నిప్పు మీద పడదు కాబట్టి పొగ తక్కువ. మాడిన భాగాన్ని తీసి పారేయాలి. గంటల తరబడి ఎర్రని పలకలోకి తదేకంగా చూడటం కళ్లకు మంచిది కాదు. మూసిన గదిలో గ్యాస్ గ్రిల్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం ఉంటుంది. ఇవన్నీ ఆరుబయట వాడాల్సిన పరికరాలు.

సముద్రపు గాలి, ఉప్పు

విశాఖలో మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా వీచే సముద్రపు గాలి డాబా మీద ఎక్కువగా తగులుతుంది. పలక ఉష్ణోగ్రత 900 నుంచి 800కు పడిందంటే వికిరణంలో 30 శాతం పోయినట్టు. గాలి తగిలే వైపు పలక నల్ల మచ్చలుగా చల్లబడటం కంటికే కనిపిస్తుంది. మూత ఉన్న గ్రిల్‌ను గాలికి వీపు పెట్టి నిలబెట్టకూడదు. వెనక ఉన్న రంధ్రాల్లోంచి గాలి దూరి, వేడిని ముందున్న నాబ్‌ల మీదికి, ట్యూబు మీదికి నెడుతుంది. గ్రిల్ ముఖం గాలికి ఎదురుగా ఉంటే వేడి వెనక నుంచి బయటికి పోతుంది. పిట్టగోడ చాటు దొరికితే ఇంకా మంచిది, గోడకూ గ్రిల్‌కూ మధ్య కనీసం రెండు మూడు అడుగుల ఎడం ఉండాలి. డాబాల మీద కట్టే ఆకుపచ్చ నీడ వలలు, బట్టలు ఆరేసిన తాళ్లు, ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు పైపులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

ఎల్పీజీ గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది. డాబా మీద లీకైన గ్యాస్ ఎగిరిపోతుందనుకుంటారు కానీ అది నేల వెంట పాకి, మెట్ల గది తలుపు తెరిచి ఉంటే ఇంట్లోకే దిగుతుంది. సిలిండర్‌ను మెట్ల వైపు కాకుండా ఎదుటి అంచున ఉంచాలి.

ఇక తుప్పు. పెట్టె మీద ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని ఉంటే చాలదు, ఏ గ్రేడో అడగాలి. 430 గ్రేడ్ తీర ప్రాంతంలో త్వరగా తుప్పు పడుతుంది, దానికి అయస్కాంతం అతుక్కుంటుంది. 304 గ్రేడ్‌లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఇది మెరుగే కానీ ఉప్పు గాలికి దాని మీదా గోధుమ రంగు చుక్కలు వస్తాయి. రెండు మూడు శాతం మాలిబ్డినం కలిపిన 316 బాగా తట్టుకుంటుంది, ధరా ఎక్కువే. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 200 వరుస స్టీలు మన మార్కెట్లో విరివిగా ఉంది. దానికీ అయస్కాంతం గట్టిగా అతుక్కోదు, కానీ 304 కన్నా ముందే తుప్పు పడుతుంది. కాబట్టి అయస్కాంతం పరీక్ష ఒక్కదాన్నే నమ్మి కొనకూడదు, బిల్లు మీద గ్రేడ్ రాయించుకోవాలి. వాడినా వాడకున్నా వారానికోసారి మంచినీటి తడిగుడ్డతో ఉప్పు తుడిచి పొడిగా ఆరబెట్టాలి. ప్లాస్టిక్ కవర్ తడి మీదే కప్పితే లోపల చెమ్మ నిలిచి తుప్పు ఇంకా వేగంగా వస్తుంది.

గ్యాస్ సరిపడకపోతే

దిగుమతి గ్రిళ్లు చాలావరకు ప్రొపేన్‌కు తగ్గ జెట్‌తో (గ్యాస్ బయటికి వచ్చే సన్నని రంధ్రమున్న ముక్క) వస్తాయి. మన ఎల్పీజీలో బ్యూటేన్ కూడా గణనీయంగా ఉంటుంది. ఒక పాలు ప్రొపేన్ మండటానికి దాదాపు 24 పాళ్ల గాలి కావాలి, బ్యూటేన్‌కు 31 పాళ్లు. అదే జెట్, అదే గాలి రంధ్రం ఉంచితే గాలి చాలక మంట కొసలు పసుపుపచ్చగా మారతాయి, పలక మీద మసి పడుతుంది. గాలి రంధ్రపు మూతను కొంచెం తెరవడం మొదటి మెట్టు. అయినా తగ్గకపోతే స్టవ్ మెకానిక్ చేత ఒక సైజు చిన్న జెట్ వేయించాలి. ఇంటి సిలిండర్ రెగ్యులేటర్ సుమారు 30 మిల్లీబార్ల ఒత్తిడి ఇస్తుంది, ఈ గ్రిళ్లకు కావాల్సిందీ దాదాపు అంతే. మంట పెరగాలని హై ప్రెషర్ రెగ్యులేటర్ తగిలిస్తే మంట పలకను వదిలి పైకి లేస్తుంది. పలక మసకగా, పైన నీలిమంటలు ఊగుతూ కనిపిస్తే దాని అర్థం అదే. పైపు గ్యాస్ వాడే ఇళ్లలో జెట్ తప్పనిసరిగా మార్పించాలి. 6 కిలోవాట్ల బర్నర్ గంటకు అరకిలోకు కాస్త తక్కువ గ్యాస్ తాగుతుంది, 14.2 కిలోల సిలిండర్ సుమారు 30 గంటలు వస్తుంది.

వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉంచాలి. నాబ్ తిప్పి మీట నొక్కిన ఐదు సెకన్లలో అంటుకోకపోతే ఆపి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. కొత్త ట్యూబు బిగించిన ప్రతిసారీ అతుకుల మీద సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమో చూడాలి. ట్యూబు ఐఎస్ఐ గుర్తు ఉన్నదే వాడాలి.

పలక పగిలితే

వేడి పలక మీద నీళ్లు పడితే అది చీలుతుంది. డాబా మీద వంట మధ్యలో వాన చినుకులు మొదలైతే ముందు మూయాల్సింది ముక్కలను కాదు, పలకను. వంటయ్యాక పూర్తి మంట మీద ఐదు పది నిమిషాలు ఖాళీగా నడిపితే పడిన కొవ్వు, మసాలా బూడిదవుతాయి. చల్లారాక మెత్తని కుంచెతో దులపాలి. ఇనుప బ్రష్ వాడకూడదు, రంధ్రాల్లోకి పిన్నీసు గుచ్చకూడదు. పలక పెళుసుది, గుచ్చితే రంధ్రాల మధ్య గోడలు విరుగుతాయి.

కొన్ని నెలలు వాడకుండా ఉంచిన గ్రిల్‌లో గ్యాస్, గాలి కలిసే గొట్టంలో సాలీళ్లు గూళ్లు అల్లుతాయి, కందిరీగలు మట్టితో గూడు పెడతాయి. గాలి దారి మూసుకుపోతే మిశ్రమం బలహీనపడి మంట వెనక్కి పాకుతుంది. వానాకాలం వెళ్లాక మొదటిసారి వెలిగించే ముందు ఆ గొట్టాన్ని విప్పి, సీసాలు కడిగే బ్రష్‌తో శుభ్రం చేయాలి.

మంట వెనక్కి పాకిందనడానికి గుర్తులు తెలుసుకుని ఉండాలి. ‘టప్’ మన్న శబ్దం, ఆ వెంటే పలక ఎరుపు తగ్గి నల్లబడటం, బర్నర్ వెనక నుంచి బుసబుసమనే చప్పుడు. అప్పుడు మొదట రెగ్యులేటర్ దగ్గర ఆపాలి. నాబ్ వేడెక్కి ఉండొచ్చు కాబట్టి దాన్ని తర్వాత ముట్టుకోవాలి. పూర్తిగా చల్లారాక పలకను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సన్నని చీలికైనా గీతలా కనిపిస్తుంది. చీలిన పలకను సిమెంటుతోనో, జిగురుతోనో అతికించి వాడకూడదు. ఒక్క చీలికే అయినా మార్చాల్సిందే. చుట్టూ ఉండే వేడిని తట్టుకునే సీలింగ్ పట్టీని కూడా దాంతో పాటే కొత్తది వేయించాలి, పాతది ఒకసారి నలిగాక అంచుల నుంచి గ్యాస్‌ను ఆపలేదు.